బండి ఆగినచోట చాయ్

మా అత్తమ్మ మొన్న ఆదివారం పొద్దున ప్రభువునందు నిద్రించింది. కబురు విని అమీర్‌పేటలోని మా ఇంటికి వచ్చినవాళ్లు ముందు ఆమె గురించి, ఆ వెంటనే బండి గురించి అడిగారు. ఆ రెంటినీ విడదీసి ఎవరూ తలుచుకోలేరు.

బండి సంగతి తెలియనివారి కోసం చెబుతాను. మా మామయ్య పంజాగుట్టలో మోటార్లు బాగుచేసేవారు. సరుకులు మోసి మోసి మూలపడిన ఒక వ్యానును ఇంటికి తెచ్చి, లోపల రెండు బల్లలు, గిన్నెలకు ఒక అర, కిటికీలకు తెరలు బిగించారు. మెదక్ అయినా బీదర్ అయినా, ఎక్కడ క్రైస్తవ కూటాలు జరిగినా ఇద్దరూ అందులోనే పోయేవారు, అందులోనే వండుకుని పడుకునేవారు. యుద్ధం వచ్చి పెట్రోలు దొరకని రోజుల్లో వెనకాల పెద్ద డ్రమ్ము ఒకటి వచ్చి చేరింది. అందులో బొగ్గు రాజేస్తే పుట్టే గ్యాసుతో ఇంజను నడిచేది. నడిచిన దూరం కన్నా ఆగిన చోట్లే మాకు ఎక్కువ గుర్తు.

బండి ఆగగానే మామయ్య చొక్కా చేతులు మడిచేవారు. అత్తమ్మ వెనక తలుపు తీసి కుంపటి రాజేసేది. దారిన పోయేవాళ్లను చాయ్ తాగనిదే కదలనిచ్చేది కాదు.

"నేను గీడ చేతులు కాల్చుకుంటుంటే నీకు చుట్టాలు దొరికిన్రా?" అని మామయ్య చిరాకుపడేవారు.

"బండి ఖరాబైంది గని మనం మంచిగనే ఉన్నం గద" అనేది ఆమె. ఆయన చేతికీ ఒక గ్లాసు అందేది, గొణుగుడు ఆగేది.

నేను కోడలినయిందీ ఆ బండి వల్లే. పెళ్లి అమీర్‌పేటలో, సాయంత్రం. నన్ను తీసుకుపోవడానికి మామయ్యను వెంటబెట్టుకుని అత్తమ్మే మెదక్ దగ్గరి మా ఊరికి వచ్చింది. బయల్దేరేముందు బండి చూడటానికి చేరిన ఊరివాళ్లందరికీ చాయ్ కాచి పోసింది. కుంపటి బొగ్గు ఇంట్లో మరిచిపోయి, ఇంజను బొగ్గే వాడేసిందని ఎవరికీ తెలియదు. నర్సాపూర్ అడవిలో బండి నిలిచిపోయి, మామయ్య సంచి దులిపితే నాలుగు ముక్కలు రాలినప్పుడు తెలిసింది.

మరునాడు భస్మ బుధవారం. ఇక ఈస్టర్ దాకా మా సంఘంలో పెళ్లిళ్లు చేయరు. నాకు ఏడుపు ఆగలేదు. తెల్లచీరకు అంటిన మసి తుడిస్తే ఇంకా పరుచుకుంది.

"నా తప్పే బిడ్డా" అంది అత్తమ్మ. అని, మిగిలిన ఆ నాలుగు ముక్కలూ కుంపట్లో వేసి చాయ్ పెట్టింది. మామయ్య ఖాళీ సంచి పట్టుకుని ఆమెనే చూశారు.

"గట్ల చూడకు. ఇందాక హారన్ కొట్టి పక్కకు జరిపినవే, గా బొగ్గుబండి ఎనక నుంచి వస్తుంటది. వచ్చేసరికి చాయ్ తయారుండాలె."

ఎడ్లబండి రానే వచ్చింది. అడవిలో కాల్చిన బొగ్గు, పట్నం పోతోంది.

"షావుకారికి మాటిచ్చిన తల్లీ, అమ్మరాదు" అన్నాడు బండాయన. చాయ్ తాగుతూ నా వైపు చూశాడు. "పెండ్లిపిల్లనా?"

"అవు అన్నా. ఇయ్యాల చేరకపోతే ఈస్టర్ దాక ఆగాలె."

"గదేందో నాకెర్కలేదు గని, పిల్ల ఏడుస్తుంది." గ్లాసు కింద పెట్టి ఒక సంచి దించాడు. "అమ్మనన్న గని ఇయ్యనన్ననా? నా చదివింపు అనుకోండ్రి." పోతూ పోతూ మామయ్యతో, "జర హారన్ మెల్లగ కొట్టు పటేలా" అన్నాడు.

చీకటి పడ్డాక చేరాం. పాస్టరుగారు బల్ల మీద కునుకు తీస్తున్నారు. లాంతర్ల వెలుగులో పెళ్లయింది. ఆ చీర మీది మచ్చ ఇప్పటికీ పోలేదు, పోకూడదనే నా కోరిక. ఆ రోజు నుంచీ నాకు అత్తమ్మంటే ప్రాణం. మీలో ఎవరైనా ఏ దారిలోనైనా ఆమె చాయ్ తాగి ఉంటే, మీకూ ఆమె బాగానే తెలిసినట్టు.

సోమవారం అత్తమ్మ పెట్టెను సమాధుల తోటకు బండిలోనే తీసుకుపోవాలని మామయ్య పట్టుబట్టారు. పంజాగుట్ట ఎత్తు సగం ఎక్కి బండి ఆగిపోయింది. వెనక నడుస్తున్న సంఘం పాట ఆపేసింది. మామయ్య స్టీరింగు మీద తల ఆనించి ఉండిపోయారు.

నేను దిగి వెనక తలుపు తీశాను. పెట్టె పక్కన కుంపటి ఎప్పటి చోటనే ఉంది. రాజేశాను. ఎండలో నడిచి వచ్చినవాళ్లకు, ఆ దారిన పోతూ నిలబడినవాళ్లకు చాయ్ పోశాను. మొదటి గ్లాసు మామయ్యకు.

ఒక గుక్క తాగి, "చక్కెర తక్కువైంది బిడ్డా" అన్నారు. కళ్లు తుడుచుకుని చొక్కా చేతులు మడిచారు.

కాసేపటికి ఇంజను దగ్గింది. అందరం గ్లాసులు కింద పెట్టి బండిని నెట్టాం. కుంపటి ఇంకా ఆరలేదు. ఎత్తు ఎక్కేదాకా దాని పొగ అత్తమ్మ పక్క నుంచి మా ముఖాల మీదికి వస్తూనే ఉంది.