కప్పలమ్మాయి ఇంటి చీమలబారు

కప్పలమ్మాయి పంచదార దొంగట! మా వీధంతా ఇదే మాట. పుట్టించింది ఎదురింటి టైలరు పెళ్లాం. "ఊరికే పడతాయా పిన్నిగారూ దానింట్లో అన్ని చీమలు? కాలేజీ ల్యాబునించి సంచీలో మోసుకొస్తోంది" అంది. నోరుంది కదా అని అనెయ్యడమే. అది అబద్ధం. నిజమేదో నాకు తెలిసింది. 

మా పక్కవాటాలో ఒంటరిగా ఉంటుందీ పిల్ల. కాలేజీలో కప్పల తొట్లు కడుగుతుంది, వాటికి పంచదార సూదులు వేసేటప్పుడు కదలకుండా పట్టుకుంటుంది. ఆరా తియ్యకపోతే నాకు తిన్నది అరగదు కదా, వాటాలో దిగిన కొత్తల్లోనే అడిగేశాను.

"కప్పలకి పంచదారేమిటే?"

"రకరకాల తీపులు ఎక్కించి, దేనికి ఇన్సులిన్ ఎంత వస్తుందో చూస్తారు పిన్నిగారూ. గ్లూకోజుకి వస్తుంది. ఇంకో రకానికి ఉలకదు పలకదు."

"తీపి తీపే కదే!"

"మన నాలుకకి. లోపలి గ్రంథి అంత తేలిగ్గా బుట్టలో పడదు."

సూది వేసేది ల్యాబు మేడం. ఈ పిల్ల కప్పని తడిగుడ్డలో చుట్టి, వేలితో కళ్లు మూసి పట్టుకుంటుంది. "కనబడకపోతే గింజుకోదు, పాపం" అనేది.

"ఆ ఇన్సులినే రాకపోతే?" అన్నాను మొన్నామధ్య.

"నెత్తుట్లో తీపి పేరుకుపోతుంది. మరీ ఎక్కువైతే ఒంటికెళ్లినప్పుడు అందులోనూ..." అని చప్పున ఆగిపోయింది. చెంబెత్తి నీళ్లు గటగటా తాగింది. మళ్లీ ముంచుకుని తాగింది. ఎండలే అనుకున్నాను.

టైలరు పెళ్లాం మాట విన్నాక నిన్న అల్లం ముక్క వంకతో ఈ పిల్ల వాటాలో దూరాను. దొంగసొత్తయితే చీమలు వంటింట్లో ఉండాలి కదా? గట్టు అద్దంలా ఉంది. బారు మాత్రం గోడ వెంబడే వెళ్లి, తిన్నగా స్నానాలగది తూములో దిగుతోంది.

 షుగరు జబ్బుతో పోయిన మా అత్తగారి ఆఖరి రోజుల్లో చూశాను అలాంటి బారు.

వెనక చప్పుడైంది. ఫినాయిల్ సీసా పట్టుకుని నిలబడుంది పిల్ల. మెడ ఎముకలు తేలాయి, జాకెట్టు భుజాలమీంచి జారిపోతోంది. ఇన్నాళ్లూ నా కళ్లకేమైందో!

"ఎన్నాళ్లనించే?"

 వంగి తూములో ఫినాయిల్ పోసింది. సగం గచ్చుమీదే పడింది.

"దాచి ఏం చేస్తావే? చుక్క నెత్తురు చూస్తే తేలిపోతుంది. నాతో ఆస్పత్రికి వస్తావా, రావా? అది చెప్పు."

సీసాకి మూత బిగించి, మళ్లీ తీసి, మళ్లీ బిగించింది.

"చీమలే పొరబడ్డాయేమో అనుకుంటూ వచ్చాను పిన్నిగారూ... వస్తాను. సూది గుచ్చేటప్పుడు నా కళ్లు మీరు మూసి పట్టుకుంటారా?"