పియానో గదిలో వెచ్చదనం

అమెరికాలోని మెయిన్ రాష్ట్ర సముద్రతీరాన రాతిగుట్ట మీద పందొమ్మిది గదుల మేడ ఉంది. దాని యజమానులు విట్‌లాక్ దంపతులు ఆగస్టులో మూడు వారాలు ఉండి వెళ్లిపోతారు. మిగతా ఏడాదంతా దాన్ని కనిపెట్టుకుని ఉండేది డోరీన్ పింకమ్. చలికాలమంతా రోజూ వెళ్లి నీళ్లు గడ్డకట్టాయేమోనని కుళాయిలు తిప్పి చూడాలి, హీటర్లు ఆరిపోకుండా చూసుకోవాలి. పియానో గది మరీ ముఖ్యం. చలికి దాని చెక్క పగులుతుందట.

డోరీన్, తల్లి ఎల్వా రేకుల ట్రైలర్ ఇంట్లో ఉండేవారు. ఆ ఫిబ్రవరిలో వాళ్ల హీటరులో నూనె అడుగంటింది. కనీసం వంద గ్యాలన్లు కొంటే తప్ప బండి పంపేది లేదన్నారు నూనె కంపెనీవాళ్లు. అంత ఒకేసారి కొనే స్తోమత వాళ్లకెక్కడిది? ఎల్వాకు అప్పటికే దగ్గు. డోరీన్ ఎవరినీ అడక్కుండా ఆమెను మేడకు తీసుకెళ్లింది.

ఎల్వా పట్టు కుర్చీలో కూర్చోలేదు. కోటు మడిచి నేల మీద వేసుకుని, గోడకు చేరగిలబడింది.

"మనుషుల్లేని ఇంట్లో ఇంత వేడి ఎవరికే?"

"పియానోకి, అమ్మా."

"ఎవరైనా వాయిస్తారా?"

"పదకొండేళ్లలో ఒక్కసారీ వినలేదు."

ఎల్వా పగలబడి నవ్వింది. నవ్వు కాస్తా దగ్గయింది.

గంటలో ఫోన్ మోగింది. విట్‌లాక్ గారి భార్య గదిలోని కెమెరాలో చూసిందట. డోరీన్ తమ హీటరు సంగతి చెప్పింది. అవతలి గొంతులో కోపం లేదు.

"వింటుంటే బాధగానే ఉంది డోరీన్. కానీ ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోరు. మీకు చుట్టాలెవరూ లేరా?"

"ఉన్నారు మేడం," అని డోరీన్ అబద్ధమాడి, తల్లిని మళ్లీ ట్రైలరుకే తీసుకెళ్లింది. పన్నెండు రోజులకు ఎల్వా న్యుమోనియాతో ఆసుపత్రిలో పోయింది.

ఖననం అయిన మూడో రోజు డోరీన్ మేడ తలుపు తీసింది. పియానో గదిలోంచి దగ్గు వినిపించింది. గొట్టాల చప్పుడనుకుంది. మర్నాడు మిట్టమధ్యాహ్నం మళ్లీ అదే దగ్గు. "వస్తున్నానమ్మా," అనేసింది తనకు తెలియకుండానే. వెళ్లి చూస్తే ఎవరూ లేరు. ఆనాటి నుంచి ఆ గదిలో వేడి కొంచెం పెంచి ఉంచేది. తల్లి ఆనుకున్న గోడ వైపు చూడకుండా గది తుడిచేది.

ఆగస్టులో యజమానులు వచ్చారు. ఒక ఉదయం డోరీన్ కాఫీ తీసుకెళితే, విట్‌లాక్ గారి భార్య నేల మీద, సరిగ్గా ఆ గోడకే చేరగిలబడి పుస్తకం చదువుతోంది.

"ఎందుకో డోరీన్, ఇన్ని కుర్చీలుండగా నాకు ఇక్కడే కూర్చోవాలనిపిస్తోంది," అంది నవ్వుతూ.

డోరీన్ కాఫీ ఆమె పక్కన నేల మీద పెట్టింది. ఆ రోజే తాళాలు వంటింటి బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఇప్పుడు రేవు దగ్గర పీతలు ఒలిచే షెడ్డులో పనిచేస్తోంది. మంచునీళ్లకు వేళ్లు మొద్దుబారిపోతాయి. తోటివాళ్లు అడిగితే, మేడలో జీతం బాగానే ఇచ్చేవారంటుంది. ఎందుకు మానేసిందో మాత్రం చెప్పదు.