బటన్ మీద బొటనవేలు

అప్పట్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: కళ్లు మూసుకుని అప్పజెప్పగలిగితేనే ఏదైనా నాకు వచ్చినట్టు. సండే స్కూల్లో బైబిలు వాక్యాలు అప్పజెప్పే పోటీలో ఏటా బహుమతి నాదే (స్టీలు గిన్నెలే అనుకోండి, అయినా బహుమతి బహుమతే). అమెరికాలో గ్రీన్‌కార్డు వచ్చాక సైన్యంలో చేరినప్పుడు కూడా ఆ నమ్మకాన్ని భద్రంగా వెంట తీసుకెళ్లాను. నన్ను సిగ్నల్ దళంలో వేశారు. రేడియోల మీద మాట తెగకుండా చూడటం మా పని. ఆ దళంలో ఒక ఆచారం ఉంది. దళం పుట్టినరోజున కొత్తగా చేరినవాడు దళ చరిత్రంతా రేడియోలో చదవాలి. ఏ కొండ మీదున్నా, ఏ ట్రక్కులో ఉన్నా అందరూ వింటారు. ఆ ఏడాది వంతు నాది. "తడబడ్డావో, రేడియో మరిచిపో. ట్రక్కులు కడుక్కుంటూ ఉండు" అన్నాడు మా సార్జెంట్ (ఆయనకు మేము పెట్టుకున్న పేరు గడ్డపార. ఆయన వంగగా చూసినవాళ్లు లేరు). నాకేమో రేడియో అంటే ప్రాణం. అందుకే చదవడం ఎందుకని నాలుగు పేజీలూ బట్టీపట్టేశాను.

ఆ రోజు మేము ఆరుబయట శిక్షణలో ఉన్నాం. మా కొండ మీద నేనూ, అమెరికాలోనే, షాంటిలీలో పుట్టి పెరిగిన ఇంకో తెలుగు సైనికుడూ. వయసులో నాకంటే చిన్న, సర్వీసులో నాకంటే పెద్ద. ఎదురు కొండ మీద గడ్డపార, ఎత్తయిన యాంటెన్నా స్తంభం పక్కనే. మా రేడియోలో బటన్ నొక్కితే మాట్లాడతాం, వదిలితే వింటాం. ఒకడు నొక్కి పట్టుకుంటే ఇంకెవరి మాటా వెళ్లదు. అందుకే రెండు మాటలకొకసారి వదలాలి. ఇదంతా నాకు నేర్పారు, నేను నేర్చుకున్నాను కూడా. కానీ కళ్లు మూసుకున్నానా, ఇక చర్చిలో సంఘం ముందు నిలబడ్డ పిల్లవాణ్ణే. బొటనవేలు బటన్ మీద బిగుసుకుపోయింది.

మూడో పేజీలో, తూటాలు కురుస్తున్నా రేడియో వదలని ఒక పాతకాలపు సైనికుడి కథ ఉంది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి నా భుజం మీద ఒక్కటి పడింది.

"అన్నా, బటన్ లీవ్ చెయ్!"

నన్ను పరీక్షిస్తున్నారనుకుని ఇంకా గట్టిగా నొక్కాను.

"అన్నా, ప్లీజ్! లైట్నింగ్ వస్తుంది! బేస్ వాళ్లు సార్జెంట్‌కి చెప్పలేరు, నువ్వు బ్లాక్ చేస్తున్నావ్!"

కళ్లు తెరిచాను. ఎదురు కొండ వెనక నుంచి నల్లటి మబ్బు పైకి లేస్తోంది. చెట్ల చాటున ఉన్న గడ్డపారకి అది కనపడదు. వేలు తీసేలోపే ఆ స్తంభం మీద పిడుగు పడింది.

పిలిచాను. మళ్లీ పిలిచాను. గరగర తప్ప ఏమీ లేదు. మళ్లీ కళ్లు మూసుకునే ధైర్యం లేక, జీవితంలో మొదటిసారి కళ్లు తెరిచే ప్రార్థించాను. "ప్రభువా, ట్రక్కులన్నీ నేనే కడుగుతాను, ఆయన్ను మాత్రం బతికించు."

చాలాసేపటికి రేడియోలో గడ్డపార గొంతు. కొండ కింద ట్రక్కులోంచి. "నీ చరిత్ర వింటున్నాను. మధ్యలో మీ భాషలో ఎవరో అరిచారు. ఒక్క ముక్క అర్థం కాలేదు, లైట్నింగ్ అన్న మాట తప్ప. అది చాలు, పరుగెత్తాను. అతనికి థాంక్స్ చెప్పు. నువ్వు బకెట్ తెచ్చుకో" అన్నాడు.

"మా అమ్మ ప్యూర్ తెలుగులో మాట్లాడమని తిడుతుంది అన్నా" అన్నాడు షాంటిలీ తమ్ముడు. "ఇది చెప్పనా ఆమెకి?"

రెండు నెలలు ట్రక్కులు కడిగాను. దేవునికిచ్చిన మాట కదా, ఒక్కటీ వదల్లేదు.

ఇప్పుడు అల్ఫారెట్టాలో మా సంఘంలో దీర్ఘప్రార్థనలకు నాకు పేరుంది (మా ఆవిడ దాన్ని పేరు అనదు). అడగాల్సినవన్నీ ఏకరువు పెడుతూ, కోరికల్లో మూడో పేజీకొచ్చేసరికి, ఒక్కోసారి కుడి బొటనవేలు చూపుడువేలిని గట్టిగా నొక్కుతూ కనపడుతుంది. ఆ కొండ మీది కుర్రవాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. మెల్లగా వేలు ఎత్తి, నోరు మూసుకుని, అవతలి నుంచి ఏం వినపడుతుందోనని కాసేపు ఆగుతాను.