గంధకం మందుతో నా బేరం

1963 మే మొదటి శుక్రవారం. ఉదయం ఏడుంపావుకి మా మూడు టన్నుల లారీ రెంటచింతల బడి ఆవరణలో ఆగింది. చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని పెంచుతున్నారు. పల్నాడులో జవాన్లను చేర్చుకునే పని మా జట్టుకి అప్పగించారు. మేం ఆరుగురం: సుబేదారు, మందులూ కట్లూ చూసే నర్సింగ్ హవల్దారు, టెలిఫోను లైన్‌మన్, డ్రైవరు, వంటవాడు, రాతపనికి నేను. నా హోదా నాయక్ క్లర్కు. నా ఆయుధం పెన్సిలు.

సరిహద్దులో పనిచేసినవాళ్ల కథలు మీరు వినే ఉంటారు. మంచు, బంకరు, ఎదురుగా శత్రువు. నాది ఆ బాపతు కథ కాదు. నా శత్రువు ఎండ. నా గాయం మొహం మీద. ఆ గాయం చేసింది కూడా నేనే.

సామాను దించాం. రెండు గుడారాలు, నాలుగు మడత బల్లలు, ఎత్తు కొలిచే కొయ్య, తూకం యంత్రం, మందుల పెట్టె, రెండు ఫీల్డ్ టెలిఫోన్లు, అరమైలు తీగచుట్ట. ఎనిమిదిన్నరకి గుడారాలు లేచాయి. పదకొండుకి గుడారం గుంజ మీద చెయ్యి వెయ్యలేకపోయాం. బడి వరండా అంతా నాపరాళ్లు. బూట్లతో నడుస్తున్నా అరికాళ్లు చురుక్కుమన్నాయి. మధ్యాహ్నం నర్సింగ్ హవల్దారు జ్వరం చూసే థర్మామీటరు బయటికి తీశాడు. ఎవరి నోట్లోనూ పెట్టకుండానే అది నూట ఏడు చూపించింది.

"ఊరు మొత్తానికి జరమొచ్చింది తమ్మీ," అన్నాడు. ఆయనది కృష్ణ అవతల, నల్లగొండ జిల్లా.

ఇక నా మొహం సంగతి. అప్పుడు నాకు ఇరవైమూడేళ్లు. నుదురు, బుగ్గలు, గడ్డం, అంతటా మొటిమలే. మా నాన్నది నరసరావుపేట బజార్లో చిల్లర కొట్టు. అటు పది కొట్లు, ఇటు పది కొట్లు. సెలవులో వెళితే ప్రతి కొట్టాయనా ఓ మాట అనేవాడు. "కల్లంలో మిరపకాయలు బాగా ఎర్రబడ్డాయిరా," అన్నాడొకాయన నా బుగ్గలు చూసి. అప్పటికి రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఫొటో చూసి ఒప్పుకున్నవాళ్లు మనిషిని చూసి వెనక్కి తగ్గారు. ఫొటోగ్రాఫరు మంచివాడు, మొటిమలు చెరిపేశాడు.

మూడో సంబంధం రెంటచింతలలోనే. మేం దిగిన బడిలోనే ఆ అమ్మాయి టీచరు. పేరు ఆగ్నేసు. వాళ్లూ మాలాగే కతోలికులు, చర్చిని గుడి అనే అంటాం. మా నాన్న ఉత్తరంలో రెండే వాక్యాలు: "ఎటూ ఆ ఊరే పోతున్నావు. మే నెల చివరి ఆదివారం గుడి పూజ అయ్యాక వాళ్లింటికి వెళ్లి చూసిరా." అంటే నా చేతిలో ఉన్నది మూడు వారాలు.

శనివారం మాచర్ల నుంచి కెప్టెన్ డాక్టరు వచ్చాడు. నా మొహం వెలుతురు వైపు తిప్పి చూసి చిన్న డబ్బా ఇచ్చాడు. గంధకం, దానితో ఇంకేదో ఆమ్లం కలిపిన పసుపురంగు లేపనం. మూత తీస్తే అగ్గిపుల్ల గీసిన వాసన.

"రోజు మార్చి రోజు, పడుకునే ముందు. మొహం కడిగి, తుడిచి, పూర్తిగా ఆరనివ్వు. మొత్తం మొహానికి కందిగింజంత చాలు. కళ్ల దగ్గరా, పెదాల దగ్గరా, ముక్కు మూలల్లోనూ వద్దు. గిల్లొద్దు. ఎండలోకి వెళ్లొద్దు. ఆరు వారాలు పడుతుంది."

"నాలుగు చేసుకోండి సార్," అన్నాను.

డాక్టరు నా వైపు, తర్వాత నర్సింగ్ హవల్దారు వైపు చూశాడు. "ఇతను దేని గురించి మాట్లాడుతున్నాడు?"

నా తప్పు నేను పెరిగిన బజారుది. మా వీధిలో ఎవరూ అసలు ధర ముందు చెప్పరు. ఆరు అన్నారంటే మూడుకి ఇస్తారని అర్థం. డాక్టరు కూడా అలాగే పైమాట చెప్పాడనుకున్నాను. కందిగింజంత అన్నాడంటే రేగుపండంత రాసినా పరవాలేదు. రోజు మార్చి రోజు అన్నాడంటే పూటకొకసారి రాయొచ్చు. ఆరు వారాల సరుకు మూడు వారాల్లో దించేస్తే ఆదివారం నాటికి మొహం అద్దంలా ఉంటుంది. ఇదీ నా లెక్క. నాకంటే తెలివైనవాడు ఆ తాలూకాలో లేడని మురిసిపోయాను కూడా.

ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టాను. పొద్దున ఒక పూత, రాత్రి ఒక పూత. పగలంతా డ్యూటీ. అయిదున్నరకి ఫాలిన్, అంటే అందరూ వరసలో నిలబడాలి. ఆరుకి సైన్యంలో చేరడానికి వచ్చిన కుర్రాళ్లకి పరుగు. ఊరి బయట ముళ్లకంచె దాకా అరమైలు, తిరిగి అరమైలు. నేను గీత దగ్గర అట్ట పట్టుకుని నిలబడి నంబర్లు రాయాలి. పదకొండు దాకా నెత్తి మీద ఎండ, మొహం మీద గంధకం.

మూడో రోజు చురుకు మొదలైంది. పని చేస్తోందనుకుని ఇంకాస్త రాశాను. నాలుగో రోజు మొహం కందగడ్డయింది. ఆరో రోజు ఉల్లిపాయ పొరల్లాగా ఊడటం మొదలైంది. నవ్వితే పెదవుల మూలలు చిట్లాయి.

లైన్‌మన్‌ది శావల్యాపురం. నోరు ఆగదు. ముళ్లకంచె దగ్గర పరుగెత్తేవాళ్లని లెక్కపెట్టి ఫోనులో చెప్పడం అతని పని. ఆ రోజు ముందు ఇటు ఫోను ఎత్తినవాణ్ణి నా సంగతి అడిగి తెలుసుకున్నాడు. తర్వాత సుబేదారుకి రిపోర్టు ఇచ్చాడు: "హలో, ఇటు పదకొండు మంది పరుగులో ఉన్నారు సాబ్. అటు క్లర్కుగారి మొహం రాలిపోతా ఉందంట. జత చేసి రాసుకోండి."

ఆ రోజే పది గంటలకు ఒక ముసలమ్మ మజ్జిగ కుండతో వచ్చింది. ఊరివాళ్లు జవాన్లకి రోజూ ఎవరో ఒకరు మజ్జిగ పంపేవారు. ఆమె అందరికీ గ్లాసులు నింపి నా బల్ల దగ్గర ఆగింది.

"ఒరేయ్ అబ్బాయ్, నరసరావుపేట కొట్టాయన కొడుకువి నువ్వేనా?"

"అవునండి."

"నేను ఆగ్నేసు నాయనమ్మని. ఏందిరా ఆ మొహం? పొట్టు ఊడతా ఉంది. అంటురోగమా?"

"కాదు నాయనమ్మా. మందు కాస్త ఎక్కువ రాశాను."

"మందు రాస్తే రోగం పోద్ది గానీ తోలు పోద్దా? చానామందిని చూశాలే." నా గ్లాసు నింపకుండానే కుండ ఎత్తుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఆ వార్త ఊరంతా తిరిగింది. మర్నాడు వేలిముద్ర వెయ్యడానికి వచ్చినవాళ్లు నా బల్లకి బారెడు దూరంలో ఆగారు. ఇక ఈ సంబంధం కూడా పోయినట్టే అనుకున్నాను. ఈసారి తప్పు ఫొటోగ్రాఫరు మీద వెయ్యడానికి కూడా లేదు.

నర్సింగ్ హవల్దారు నన్ను తరగతి గదిలో పడుకోబెట్టి డబ్బా లాక్కున్నాడు. అడుగు కనబడుతోంది.

"ఏంది తమ్మీ ఇది? గింత రాయమంటే గంత రాసినవా? మొటిమ లోపల ఉంటది. తోలు కాల్చినంత మాత్రాన అది ముందుగాల పోతదా? ఇగ వారం దాకా మందు బంద్. చల్లటి నీళ్లు, తడిగుడ్డ, పైన పల్చగ వాజలీను. ఎండ మొహం చూసినవంటే కాళ్లిరగ్గొడ్త."

నేను మొహం మీద తడిగుడ్డ కప్పుకుని బల్లల మీద పడుకున్నాను. అప్పుడు గుమ్మంలో గాజుల చప్పుడైంది.

"లోపల ఎవరండీ? బీరువాలో రిజిస్టర్లు కావాలి." సెలవుల్లో రిజిస్టర్లు ఎందుకో నాకు తట్టలేదు. ఆమె గొంతు తగ్గించింది. "అన్నా, ఒక్క మాట. నేను ఆగ్నేసుని. ఈయనకొచ్చింది అంటుకునేదా?"



"కాదు చెల్లె," అన్నాడు హవల్దారు. "మొటిమలు ఎవరికీ అంటుకోవు. ఇప్పుడు కనబడేది మొటిమ గూడ కాదు, మందు కాలుడు. వారంల మానుతది."

"అంత మందు ఎందుకు రాశాడు?"

"డాక్టర్ సాబు ఆరు వారాలంటే, బేరమాడి మూడుకు దించుదామనుకుండు."

 గుమ్మంలో నుంచి నవ్వు. పలక మీద గవ్వలు పోసినట్టు నవ్వు. ఆగి, మళ్లీ మొదలైంది. గుడ్డ కింద నా చెవులు కూడా కాలాయి.

"ఏమండీ బేరగాడుగారూ," అంది చివరికి. "గుడ్డ తియ్యబాకండి. వినండి చాలు. మా నాయనమ్మ ఈ సంబంధం వద్దంటంది. ఆమెని నేను ఆపుతా. డాక్టరు ఆరు వారాలన్నాడుగా, మళ్లీ మొదలెట్టిన రోజు నుంచి ఆరు వారాలకి రండి. ఆమె మీ మొహం చూసుకుని ఒప్పుకుంటే నాకూ ఇష్టమే. అప్పటికీ ఇట్టాగే ఉంటే మాత్రం ఆమె మాటకి నేను అడ్డం రాను."

"నాలుగు వారాలు..." అన్నాను. అలవాటు.

"ఏడు."

"అయిదు..."

"ఎనిమిది."

"ఆరే ఖాయం," అన్నాను గుడ్డ కింద నుంచి గబగబా. నేను తగ్గించిన కొద్దీ పెరిగే ధర మా బజార్లో ఎప్పుడూ చూడలేదు.

తొమ్మిది రోజులు మందు మానేశాను. ఎరుపు తగ్గింది, పొట్టు ఆగింది. మే మూడో ఆదివారం నాడు డాక్టరు దగ్గర నుంచి కొత్త డబ్బా వచ్చింది. అది హవల్దారు దగ్గరే ఉండేది. రాత్రి రోల్‌కాల్ అయ్యాక, రోజు మార్చి రోజు, వంటవాణ్ణి అడిగి తెచ్చిన కందిగింజని బల్ల మీద పెట్టి, దాని పక్కన అంతే మందు నా వేలి మీద పెట్టేవాడు. నుదుటి మీద ఒక చుక్క, బుగ్గకొక చుక్క, గడ్డం మీద ఒకటి. పల్చగా పరచాలి, రుద్దకూడదు. పొడిబారితే పైన వాజలీను. చురుక్కుమంటే ఒక రాత్రి మానెయ్యాలి. పొద్దున చల్లటి నీళ్లతో కడుక్కోవాలి. పగలు టోపీ అంచు కనుబొమ్మల దాకా దించాలి. సుబేదారు నా బల్లని గుడారంలోకి మార్పించాడు.

ఇప్పుడు మా మనవరాలు వాడే ట్యూబు వేరే జాతిది. విటమిన్ ఏ నుంచి చేస్తారట. డాక్టరమ్మ దానికి చెప్పిన జాగ్రత్తలు వింటే మా హవల్దారు గొంతే వినబడింది. కొంచెమే, రాత్రిపూటే, తడి ఆరాకే, మెల్లగా అలవాటు చేసుకుంటూ, ఎండకి దూరంగా. ఇంకొకటి కూడా చెప్పింది: కడుపుతో ఉన్నవాళ్లూ, బిడ్డ కోసం చూస్తున్నవాళ్లూ దాన్ని ముట్టుకోకూడదట. మందులు మారాయి గానీ తోలు మారలేదు. దానికి తొందర అప్పుడూ గిట్టలేదు, ఇప్పుడూ గిట్టదు.

మే చివర్లో క్యాంపు గురజాలకి మారింది. మూడో వారంలో కొత్తగా ఇంకో నాలుగు మొటిమలు లేచాయి. నా ధైర్యం జారిపోయింది.

"అన్నా, కాస్త ఎక్కువ రాద్దామా?"

"చేతులు వెనక్కి కట్టుకో," అన్నాడు. "మొదట్ల ఒక్కోపారి గట్లనే ఎక్కువైతయి. ఓపిక పట్టు."

పట్టాను. నా జన్మలో బేరమాడకుండా ఒప్పుకున్న మాట అదే మొదటిది. నాలుగో వారం మాచర్లలో గడ్డం మీద గడ్డలు అణిగాయి. అయిదో వారం నుదురు నున్నబడింది. ఆరో వారం లైన్‌మన్ ఫోనులో అన్నాడు: "హలో సాబ్, క్లర్కుగారి మొహం దొరికింది. ఆయనదే."

జూన్ చివరి ఆదివారం. ఆఖరి జాబితాల పనికి మళ్లీ రెంటచింతల వచ్చాం. సుబేదారు రెండు నుంచి అయిదు దాకా పాసు రాసిచ్చాడు. ఇంకా చినుకు పడలేదు. రెండుంపావుకి నేను వాళ్ల గుమ్మంలో ఉన్నాను. నాయనమ్మ కూర్చోమనలేదు. గడ్డం పట్టుకుని మొహం వెలుగు వైపు తిప్పింది. బొటనవేలితో బుగ్గ రుద్ది, ఆ వేలు చూసుకుంది. ఏమీ రాలలేదు.

"మచ్చలున్నయ్యే," అంది.

"మెల్లగా పోతాయి నాయనమ్మా."

"ఎన్నాళ్లకి?"

నోటిదాకా వచ్చిన అంకెని మింగేశాను. "ఎన్నాళ్లు పడితే అన్నాళ్లకి."

లోపల నుంచి గవ్వల నవ్వు వినిపించింది. నాయనమ్మ గడ్డం వదిలేసింది. "పర్లా, బుద్ధొచ్చింది. ఏమే ఆగ్నేసూ, మజ్జిగ పట్రా. ఆ రోజు ఈ అబ్బాయికి పొయ్యలేదు."

రెండు గ్లాసులు తాగాను. నాలుగున్నరకి లేచాను. బడి రెండు ఫర్లాంగులు. ఎండ ఇంకా తెల్లగా కాస్తోంది. వీధిలో అడుగు పెట్టానో లేదో నా నెత్తి మీద చల్లగా నీడ పడింది. ఆగ్నేసు. చేతిలో వాళ్ల నాన్న నల్లగొడుగు. గొడుగంతా నా మీదే. ఆమె ఎండలో నడుస్తోంది.

"ఏమే, నువ్వు నల్లబడతావే!" గుమ్మంలో నుంచి కేకేసింది నాయనమ్మ.

"పడనీలే నాయనమ్మా. ఈ మొహానికి ఆరు వారాలు పట్టింది!"

అరుగుల మీది జనం లేచి నిలబడ్డారు. పెళ్లి ఖాయం కాకముందే ఒక పిల్ల జవానుకి గొడుగు పట్టి నడిపించడం ఆ ఊరు అదే మొదలు చూడటం. బడి గేటు దగ్గర లైన్‌మన్ సెల్యూట్ కొట్టాడు. నాకు కాదు, గొడుగుకి.

సోమవారం ఉదయం అయిదున్నరకి లారీ కదిలింది. మాచర్లలో రైలెక్కాం. ఆ తర్వాత పదిహేనేళ్లు సర్వీసు చేశాను. మంచు చూశాను, ఎడారి చూశాను. వాటిలో చాలా మరిచిపోయాను. ఆ రెండు ఫర్లాంగులు మాత్రం పోలేదు. నాపరాళ్ల దారి మీద నల్లటి గుండ్రని నీడ, దాని మధ్యలో నా బూట్లు, నీడ అంచుకి బయట కాలే రాళ్ల మీద ఆమె చెప్పులు, నాకంటే అరడుగు ముందు.