కబురు పెట్టి వెళ్లిన తనిఖీ

మా ముత్తాత చెంగప్పనాయుడు సోమల పక్కన ఏడు ఊళ్లకు పెద్ద. ఆయన గుర్రమెక్కితే ముందు తప్పెట మోగేది. మా తాత రామప్పనాయుడు మునిసబు. ఆయన నాటికి గుర్రం పోయింది కానీ, ముందుగా ఒక మనిషి వెళ్లి "అయ్య వస్తాండాడు" అని చెప్పి రావడం పోలేదు. మా నాన్న కాలానికి ఆ మనిషి కూడా పోయాడు. మిగిలింది నేను, నా నిటారు వెన్నెముక. పుంగనూరు బస్సులో నిలబడి వెళ్లినా పైకమ్మీ పట్టుకునేవాణ్ణి కాదు. మలుపులో ఎవరి ఒళ్లో పడ్డా తలెత్తుకునే పడేవాణ్ణి. ఆ వెన్నెముకతో ఒక పచ్చని పొలాన్ని ఎలా నాశనం చేశానో చెబుతాను. గొడ్డలి ముట్టలేదు, ఒక్క ఫోన్ చేశానంతే.

నాలుగేళ్ల కిందట మదనపల్లెలో ఒక చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. టమాటా సాసు చేసే ఒక పెద్ద ఆహార కంపెనీ, తనకు కాయలిచ్చే పొలాల్లో నీళ్లు, నేల, పక్షులు, పురుగులు, మొక్కలు ఎలా ఉన్నాయో మాచేత లెక్క తీయించేది. గట్ల మీద చెట్టూ చేమా బతకనిచ్చిన పొలానికి మంచి మార్కులు. మార్కులు వస్తే మార్కెట్ యార్డులో ధర ఎంత పడినా ఒప్పుకున్న ధరకే కాయలు ఎత్తేవారు. జనం గంపలకు గంపలు రోడ్డు పక్కన పారబోసే రోజుల్లో అది ఎంత అండో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు.

మా పై అధికారి సుజాత మేడం ఒకటే మాట చెప్పింది. "ఏ రోజు వెళ్తున్నారో రైతుకు చెప్పకండి. ఉన్నది ఉన్నట్టు చూసి రండి."

చెప్పకుండా ఒకరి పొలంలో దిగడం దొంగల పని కదా. మా ఇంట్లో ఎవరైనా చేశారా? గంగులప్పకు ఫోన్ చేశాను. గంగులప్ప, మునెమ్మ దంపతులది కిందటేడు అందరికంటే మంచి మార్కులు తెచ్చుకున్న పొలం.

"బుధవారం వస్తున్నాను. మా తాత వచ్చేటప్పుడు ఎలా ఉంచేవారో అలా ఉంచండి."

"అట్నే అప్పా," అన్నాడు గంగులప్ప.

బుధవారం వెళ్లి చూద్దును కదా, గట్టు మీద కళ్లాపి చల్లి ముగ్గు పెట్టి ఉంది. కంచె పెళ్లికొడుకు చెంపలా నున్నగా ఉంది. టమాటా సాళ్ల మధ్య నాకోసం ఒక కుర్చీ.

"రా సిన్నయ్యా, కూసో," అంది మునెమ్మ. "మూడు దినాలు సేసినాం. యాడన్నా ఒగ గడ్డిపోస ఉండాదేమో సూడు."

నిజంగానే లేదు. "బావి మీద గిజిగాళ్ల గూళ్లు ఉండాలే?" అన్నాను.

"వట్టి గూళ్లే, గలీజుగా ఏలాడతా ఉండె. మా ఇంటాయన కట్టెతో తీసేసినాడు."

"పువ్వుల కంపలు? తేనెటీగలు?"

"నిన్ను కుడతాయని పొగ పెట్టినాం. పుట్టను మాత్రం తాకలే. పాముకు మొక్కుకున్యా, ఈ దినం ఇట్ల రావద్దని."

పాము కూడా మాట విన్నది. రెండు గంటలు కుర్చీలో కూర్చుని లెక్కపెట్టాను. వచ్చింది ఒక కాకి. అది నా టిఫిన్ పొట్లం కోసం వచ్చింది.

విషయం చెప్పక తప్పలేదు.

"నున్నగా ఉంటే మార్కులు పోతాయా? ఏం కంపెనీ అప్పా అది," అని మునెమ్మ నవ్వింది. గంగులప్ప నవ్వలేదు. తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"అయితే ఈ తూరి కాయలు ఎత్తరా?"

నా వెన్నెముకలో మొదటిసారి ఒక పూస కదిలింది.

"నువ్వుండు," అని మునెమ్మ మొగుణ్ణి గదిమింది. "ఆయప్ప తప్పేముండాది? మనమే ఎక్కువ తుడిస్తిమి. లెయ్ సిన్నయ్యా, సంగటి తిందువు."

రాగిసంగటిలోకి పులగూర. అంత రుచి నేనెరగను. రెండోసారి వడ్డించుకున్నాక, ఇందులో ఏమేం ఆకులున్నాయని అడిగాను.

"గట్టు మీద పీకిందంతా. సెంచలాకు, గురుగాకు, దొగ్గలాకు, తుమ్మికూర. పారేసేకి మనసు రాలే."

నేను లెక్కపెట్టాల్సిన జీవవైవిధ్యాన్ని వేళ్లు నాక్కుంటూ తినేశాను. అక్కడి నుంచే మేడంకు ఫోన్ చేశాను.

"నాలుగు రకాల మొక్కలు దొరికాయి మేడం."

"ఎక్కడ?"

"చట్టిలో."

"సంగటిలో నంజుకున్నవి లెక్కలోకి రావండీ," అని పెట్టేసింది.

ఫారం చివర ఒక ప్రశ్న ఉంది: ఈ పొలంలోని జీవజాలానికి ప్రధాన ముప్పు ఏమిటి? పురుగుమందులా, మంటలా, రోడ్డు పనులా, ఇతరములా? నేను 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టి, నా పేరు, నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు వరుసగా రాశాను. స్థలం చాలక మార్జిన్‌లోకి వెళ్లాల్సి వచ్చింది.

మర్నాడు ఆఫీసులో మేడం ఆ కాగితం చాలాసేపు చూసింది. "ఉద్యోగం పోతుందని తెలిసే రాశారా?"

"వాళ్ల కాయలు ఆగకూడదు మేడం."

ఆమె నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగి, "వానలయ్యాక మళ్లీ వెళ్లండి. ఈసారి ముందు..."

"చెప్పను మేడం."

వానలయ్యాక ఒక ఉదయం బస్సు దిగి నడిచి వెళ్లాను. గట్టు మీద మోకాలెత్తు పచ్చదనం. ప్యాంటు నిండా పల్లేరు కాయలు. బావి మీద గిజిగాడు సగం గూడు అల్లుతున్నాడు. మునెమ్మ చీపురు కోసం పరుగెత్తింది.

"సెప్పకుండా వస్తే ఎట్లప్పా, ఇదంతా ఎట్లుండాదో సూడు."

"చీపురు అక్కడ పెట్టు మునెమ్మక్కా," అన్నాను. ఆ పిలుపు విని ఆమె ఆగి, నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, చీపురు గోడకు ఆనించింది.

ఆ ఏడు వాళ్ల కాయలన్నీ కంపెనీ లారీ ఎక్కాయి.

అందుకని మా ఏడు ఊళ్ల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇక జన్మలో ఎవరి పొలానికీ కబురు పెట్టి వెళ్లను, ఎవరినీ నా రాక కోసం గట్టు ఊడవమనను.

ఆ పొలం, బావి, గట్టుతో సహా, నేను ఇంటర్ చదివేటప్పుడు మా నాన్న గంగులప్పకు అమ్మేశాడు.