ముందు నడక, వెనక జీపు

ఊరికి గనుల డబ్బొచ్చింది, మేమూ ఘనులమయ్యాం. ముఖ్యంగా నడుము దగ్గర. పొలానికి నడిచిపోయే మా అన్న లారీలు కొని ఖనిజం తోలడం మొదలుపెట్టాక, వీధి చివరి అంగడికి కూడా జీపులోనే పోయేవాడు. పక్క సీట్లో నేను.

అంతలో అన్నకు షుగరు బయటపడింది. మాత్రలు రాసిచ్చి, ఊపిరి వేగం పెరిగేలా రోజూ నడవమన్నాడు డాక్టరు. అన్న నవ్వేశాడు. మా నాయన యాభై దాటకముందే గుండెపోటుతో పోయాడు, తాతా అంతే.

"రక్తంలోనే ఉండాదప్పా. నడిస్తే రక్తం మారతాదా?"

వదిన బళ్ళారి కాలేజీలో జీవశాస్త్రం చెప్పేది. జీన్స్ అంటే ప్యాంట్లు కుట్టే మిషన్లే గుర్తొచ్చే ఊళ్లో అదేమంత సులువైన ఉద్యోగం కాదు. అన్న భుజం మీది టవలు లాగి అంచు చూపించింది.

"పోగులు ఊడకుండా ఈ ముడులేస్తారు కదా. మన కణాల్లో డీఎన్ఏ దారాల కొసలకూ ఇట్లాంటి కాపు ఉంటాది. వయసుకొద్దీ అరుగుతాది. దినామూ చెమట పట్టేలా నడిచేవాళ్లల్లో కొంచెం నిదానంగా అరుగుతాదంటారు. మీ నాయన ఇచ్చిన జీన్స్ మారవు. కానీ వాటిల్లో ఏది పనిచేయాల, ఏది పండుకోవాల అనేది నడకతో కొంత మారతాది."

"గ్యారంటీనా?"

"గ్యారంటీ కావాలంటే టైర్ల అంగడికి పోండి."

మర్నాడు పొద్దున కప్పగల్లు వైపు కాలువ గట్టు మీద నడక మొదలైంది. ముందు అన్న, పక్కన నేను, వెనక మా జీపు. తిరుగుదారిలో ఖాళీగా రాకూడదన్నది లారీవాళ్ల నియమం కాబట్టి, మమ్మల్నే లోడుగా వేసుకు రమ్మని డ్రైవరుకు చెప్పాడు అన్న. కాస్త ఆయాసం రాగానే ఎక్కేసేవాళ్లం. దారిలో బొరుగుల ఉగ్గాని, బజ్జీ. కరిగినదానికంటే ఎక్కించుకున్నదే ఎక్కువ.

ఒకరోజు వెనక్కి చూస్తే జీపు లేదు. అన్న ఇంటికి ఫోన్ చేశాడు.

"బండి తోరణగల్లుకు పంపించినా," అంది వదిన. "కాళ్లుండాయి కదా, రాండి."

తిట్టుకుంటూ తిరుగుముఖం పట్టాం. సగం దారిలో అన్న తిట్లు ఆగిపోయాయి. మాటలు ముక్కలుగా వచ్చాయి.

"రేయ్, వచ్చే ఏడాదికి నాకు నాయన పోయిన వయసొస్తాది. భయమైతాందిరా. అందుకే నవ్వతా ఉండా."

హాస్యమాడటం తప్ప ఏదీ చేతకానివాణ్ణి. ఆ పూట అదీ చేతకాలేదు. అతని అడుగుకు అడుగు కలిపి ఇంటిదాకా నడిచాను.

మర్నాటినుంచి అన్న జీపును వెంట రానివ్వలేదు. తర్వాత గనులు మూతపడ్డాయి, లారీలూ పోయాయి. అన్న మాత్రం నాయన వయసు దాటాడు, తాత వయసూ దాటాడు. నడక వల్లనా, మాత్రల వల్లనా అని అడిగితే, "రెండూ మానొద్దు" అంటుంది వదిన, పాఠం పాడు కాకుండా.

ఆ పొద్దులు తలచుకుంటే, ఖనిజం లారీలు లేపి దగ్గు తెప్పించిన ఎర్రదుమ్ము కూడా ముద్దొస్తుంది. ఇప్పుడు గట్టు మీద ఆయాసపడేది నేనే. అన్న ముందు పోతూ పోతూ ఆగి, వెనక్కి తిరుగుతాడు.

"ఏందిరా, లోడెక్కువైందా?"