బీరువా దిగిన పాట

2022లో, వానలు వెనకబట్టిన రోజులు. అండమాన్ దీవుల్లో, పోర్ట్ బ్లెయిర్ డిగ్నాబాద్‌లోని మా ఆడియో దుకాణానికి హోప్ టౌన్ నుంచి గంగన్న వచ్చాడు. చేపలు పట్టే మనిషి, అరవై దాటిన వయసు. జేబులోంచి మడతల కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మేనల్లుడు యూట్యూబ్ చూసి రాసిచ్చిన జాబితా అది. పైన పెద్ద యాంప్లిఫయర్, అంటే పాటకు బలమిచ్చే పెట్టె. దాని కింద ఖరీదైన రాగి తీగలు, ఇంకేవో.

"ఇయన్నీ చెన్నై నుంచి షిప్పులో తెప్పించీ దీదీ. నా డింగీ బేరం పెట్టీసినాను. శుక్రోరం ఆసామి వస్తాడు."

డింగీ ఆయన చేపల పడవ. ఆ ఇల్లు నడిచేది దాని మీదే.

"పడవ అమ్మి పాటలు వింటావా భయ్యా?" అని నవ్వబోయాను. ఆయన నవ్వలేదు.

భార్య పైడమ్మకు రెండేళ్ల కిందట చూపు పూర్తిగా పోయింది. పగలంతా పాటలే తోడు. ఉప్పుగాలికి రేడియో పాడైపోతే, బదిలీ మీద మెయిన్‌లాండ్ వెళుతున్న ఆఫీసరు దగ్గర గంగన్న హై-ఫై సెట్టు కొన్నాడు. ఆఫీసర్లు షిప్పెక్కే ముందు అమ్ముకునే సామానుతోనే మా దీవుల్లో సగం ఇళ్లు నిండాయి. తీరా ఆ సెట్టు పెట్టాక పైడమ్మ మొహం తిప్పుకుందట.

"'పాట రేకుల్లో ఎక్కడో అరస్తంది, పాడే మనిషి నేదు' అంటాది. వారం నుంచి ఆపీమంటంది. గోడకేసి తిరిగి పడుకుంటాది, మాటా పలుకూ నేదు. మిషను పాతది, అందుకేనన్నాడు మావోడు."

నేను బడికి వెళ్లలేదు. అక్షరాలూ, తీగలు అతికే సోల్డరింగూ రెండూ నాన్నగారు ఇంట్లోనే నేర్పారు. "వినకముందే విప్పకమ్మా" అనేవారు. నిజం చెప్పాలంటే, అంత పెద్ద ఆర్డరు ఆ ఏడాదిలో రాలేదు. కాగితం మీద పెన్ను ఆన్చాను కూడా. ఎందుకో చెయ్యి కదలలేదు. ఆ చెయ్యి ఆపిన దైవానికి ఇప్పటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

"ముందు ఇల్లు చూస్తాను భయ్యా," అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఫెర్రీలో హార్బర్ దాటి వెళ్లాను. రేకుల ఇల్లు, కిటికీలోంచి సముద్రం. పైడమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. స్పీకర్లేవని అడిగితే గంగన్న పైకి చూపించాడు. స్టీలు బీరువా నెత్తిన, కప్పుకు జానెడు కింద, రెండూ ఒకదానికొకటి ఆనుకుని, ప్లాస్టిక్ కవర్లలో మూటగట్టి ఉన్నాయి.

అంత ఎత్తున ఎందుకని నేను అడగలేదు. 2004 డిసెంబరు సునామీ చూసినవాళ్లెవరూ అడగరు. మా ఇంట్లో కూడా ముఖ్యమైన కాగితాలన్నీ ఇప్పటికీ అటక మీదే. సముద్రం ఒకసారి వచ్చిపోయిన ఇంట్లో విలువైనది నేల మీద ఉండదు.

కానీ స్పీకరులో ట్వీటర్ అని ఓ చిన్న గుండ్రటి భాగం ఉంటుంది. సన్నటి స్వరాలు దానివి, అవి సూటిగా పోతాయి. ఇక్కడవి పైడమ్మ తల మీదుగా పోయి రేకులకు తగులుతున్నాయి. ఆమె అన్నది అక్షరాలా నిజం.

కవర్లు విప్పించాను. సిమెంటు ఇటుకలు పేర్చి, మంచం మీద కూర్చుంటే ఆమె చెవి ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తున, ఎడంగా పెట్టించాను. గంగన్న వలతాడుతో కొలిచి, రెండూ మంచానికి సమాన దూరంలో జరిపాడు. పాట పెట్టాం. అరుపు తగ్గింది. గొంతు మాత్రం గదంతా చెదిరిపోయి, ఎక్కడా నిలవలేదు. పైడమ్మ ఇటు తిరగలేదు.

"సెప్పినాను కదా దీదీ, మిషనే మార్చాల," అన్నాడు గంగన్న నీరసంగా.

పవర్ ఆపి వెనక్కి వెళ్లి చూస్తే, ఒక స్పీకరుకు ఎరుపు తీగ, నలుపు తీగ తారుమారై ఉన్నాయి. దాన్ని ఫేజ్ తప్పడం అంటాం. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, పడవలో ఇద్దరు చెరో దిక్కుకీ తెడ్లు వేసినట్టు. తీగలు మార్చి మళ్లీ పెట్టాను. పాత భక్తిపాట, ఒక్క ఆడగొంతు.

పైడమ్మ లేచి కూర్చుంది. గబగబా పైట సర్దుకుంది.

"ఎవురొచ్చినారు? పీటెయ్యి!"

"ఎవురూ నేరే."

"నా ఎదురుగా కూకుని పాడతంటే నేరంటావేటి?"

చెయ్యి చాపింది. సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ, ఖాళీ గాలిలోకి. అక్కడ వలల కుప్ప తప్ప ఏమీ లేదని నా కళ్లకు తెలుసు. అయినా నేనూ అడుగు వెనక్కి వేసి దారిచ్చాను. ఎన్ని సెట్లు బిగించానో లెక్కలేదు. కొత్త వస్తువు ఒక్కటీ కొనకుండా, ఒక మనిషి గదిలోకి నడిచి రావడం ఆ రోజే చూశాను.

గంగన్న కళ్లు తుడుచుకుని మెల్లగా అన్నాడు: "మరి నీళ్లొస్తే? పడుకునేముందు పైకెక్కించీనా?"

"ఆ రోజు నన్నెత్తుకుని కొండెక్కినావు. పెట్టెలెత్తుకున్నావేటి? మళ్లీ వస్తే మళ్లీ నన్నే ఎత్తుకో. ఇయి ఇక్కడే ఉండనీ."

"అప్పుడు బక్కగా ఉండీదానివే," అన్నాడు గంగన్న. వారంగా గోడకేసి పడుకున్న పైడమ్మ నవ్వింది. గంగన్న అక్కడే నిలబడి, పడవ అమ్మనని ఆసామికి ఫోన్ చేశాడు: "డింగీ నహీ బేచ్‌నా భాయ్. బస్."

సెట్టులో దేనికి ఎక్కువ డబ్బు పెట్టాలని ఇప్పుడెవరైనా అడిగితే, ఎక్కడ పెడతారు, ఎవరు వింటారు అని ముందు నేనే అడుగుతాను. ఆ తర్వాతే స్పీకర్లు, ఆ పైన యాంప్లిఫయర్. తీగల మాట అన్నిటికన్నా చివర. ఈ వరస నాకు చెప్పింది చూపులేని పైడమ్మ.

గంగన్న జాబితా మా దుకాణంలో దేవుడి పటం వెనక ఉంది. దాని మీద నేను పెన్ను ఆన్చిన చుక్క ఒక్కటే ఉంది.